పులుసు కాగులో చెంచా

షెంకిన్ నా చెంచాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. నవంబరు వాన. కిటికీ దగ్గర తప్ప ఆ ఇంట్లో పట్టపగలు కూడా వెలుతురు ఉండదు. ఆయన తల ఎత్తకుండా చెంచానే చూస్తున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు.

ఆయన కూతురు మెరెరిద్. ఆమె కోసం చెక్కిన చెంచా అది. పొయ్యి దగ్గర దుంపలు తరుగుతోంది. నా వైపు చూడలేదు. చెంచా తండ్రి చేతిలో ఉన్నంతసేపూ అమ్మాయి నోరు విప్పకూడదు. మా లోయలో పద్ధతి అది. తండ్రి చూసి సరేనంటే చెంచా అమ్మాయి చేతికి వెళ్తుంది. ఆమె దాన్ని గోడకి తగిలిస్తే ఆ అబ్బాయి ఆ ఇంటి గడప తొక్కవచ్చు. తిరిగి ఇచ్చేస్తే ఇష్టం లేదని అర్థం. విరిచి ఇచ్చిందంటే ఇక ఆ ఛాయలకి రావద్దని. విరిచాక మళ్లీ అడిగినవాడు మా కొండల్లో ఎవడూ లేడు.

నేను పక్క కొండ మీద జీతగాణ్ణి. ఆ ఏడు జీతం ముగిసింది. వచ్చే వారం త్రెగారన్‌లో జీతగాళ్ల సంత. ఇక్కడ మాట కుదిరితే ఈ కొండ మీదే ఏదో ఒక ఇంట్లో పనికి కుదురుకుంటాను. కుదరకపోతే సంతలో ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోవాలి. అప్పట్లో రైలు కొత్తగా వచ్చింది. దక్షిణాన బొగ్గు గనులకి మనుషుల్ని గొర్రెల్లా ఎక్కించుకుపోతోంది. నేను అలా పోతే మెరెరిద్‌ని పిండిమర వాళ్ల కాద్వన్‌కి ఇచ్చేస్తారు. ఇదంతా తేలేది ఆ చెంచా మీద.

కాద్వన్ అక్కడే ఉన్నాడు. పిండి బస్తా దింపడానికి వచ్చాడట. దింపి చాలాసేపయింది. బల్ల దగ్గర కాళ్లు బారజాపి కూర్చున్నాడు.

"పిడి మీద చక్రం ఉంది," అన్నాడు షెంకిన్.

"అవునయ్యా."

"దేనికి?"

"ఆమె కోసం కష్టపడతానని."

"చక్రమైతే ఉంది, బండేదిరా ఇద్వాల్?" అన్నాడు కాద్వన్.

పొయ్యి మూల గొంగడి కప్పుకున్న నెస్తా అవ్వ కదిలింది. షెంకిన్ తల్లి. "నీకుందిగా బండి," అంది. "దానికి రెండు గాడిదలు. ఒకటి ముందు, ఒకటి పైన."

కాద్వన్ నవ్వాడు. నవ్వక తప్పదు, ముసలావిడ. షెంకిన్ నవ్వలేదు.

"తాళంకన్నం."

"నా ఇల్లు ఆమెదని."

"ఇల్లెక్కడుంది?"

"కడతానయ్యా."

నాకు మాటలు రావు. వచ్చేవాడినైతే ఒక చలికాలమంతా చెక్క మీద కూర్చునేవాణ్ణి కాదు.

షెంకిన్ చెంచాని కొద్దిగా ఊపాడు. పిడిలో చెక్కిన పంజరంలో గోలీలు టకటక కొట్టుకున్నాయి. "ఇవి?"

నేను నేల చూశాను.

"వాణ్ణి అడుగుతావేంట్రా, చెవులు చూడు ఎలా ఎర్రబడ్డాయో," అంది అవ్వ. "ఇద్దరు పిల్లలు కావాలంట."

"పుట్టకముందే పంజరంలో పెట్టేశాడు పాపం," అన్నాడు కాద్వన్.

మెరెరిద్ చేతిలో చాకు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

షెంకిన్ వేళ్లు గొలుసు మీదికి వచ్చాయి. పిడి చివర లంకెలో లంకె వేసి చెక్కిన గొలుసు. దానికోసమే నేను భయపడుతున్నాను.

"ఒకే చెక్కేనా?"

"ఒకే చెక్క. సికమోర్ కొమ్మ. పచ్చిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాను."

మా వైపు చెంచా అంటే మొత్తం ఒకే కొమ్మలోంచి రావాలి. గిన్నె, పిడి, పంజరం, గోలీలు, గొలుసు, అన్నీ. లంకెలో లంకె ఎవడూ తొడగలేడు. అది చెక్క లోపలే ఉంటుంది. చుట్టూ ఉన్నదాన్ని చాకు మొనతో తీసేస్తూ పోతే ఒకరోజు లంకె కదులుతుంది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టాలి. ఒక్క లంకె తెగితే ఆ చలికాలం పనంతా పొయ్యిలోకే. కొందరు అలా పొయ్యిలో వెయ్యలేక తెగినచోట జిగురు పెడతారు. లేదా విడివిడిగా చెక్కి, కోసి, తొడిగి, అతికిస్తారు. పశువుల గిట్టలు ఉడికించిన జిగురు. ఆరాక కంటికి ఆనదు. పిల్లకి అతుకు గొలుసు ఇచ్చాడని తెలిస్తే మాత్రం వాడి ముఖం చాపెల్‌లో ప్రార్థనప్పుడు కూడా ఎవరూ చూడరు.

నేను అతకలేదు. కానీ సంత దగ్గరపడుతోందని చివరి వారం చెంచాని పొయ్యి గోడకి దగ్గరగా ఆరబెట్టాను. నడిమి లంకెకి బీట వచ్చింది. వెంట్రుకంత. చెక్క నార వెంట వచ్చింది. లంకె పట్టే ఉంది. లాగి చూశాను, కదల్లేదు.

కాద్వన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. షెంకిన్ భుజం మీంచి తొంగి చూశాడు.

"మావయ్యా, పేడ ఎత్తే చేతికి ఇంత సన్న పని వస్తుందా? రేవుల్లో నావికులు అమ్ముతారు ఇలాంటివి. పోనీ వీడే చెక్కాడనుకుందాం. ఆ నడిమి లంకె మీద గీతేంటి?"

షెంకిన్ గొలుసుని కళ్లకి దగ్గరగా తెచ్చుకున్నాడు. గోటితో గీత మీద గీశాడు.

"అది బీటయ్యా," అన్నాను. "అతుకు కాదు."

"ముందే చెప్పలేదేం?"

"మీరు అడగలేదు."

కాద్వన్ తొడ చరుచుకున్నాడు. "అడగలేదట! విన్నావా మావయ్యా? దొరికాక బీటట!"

"వాడంతే," అంది అవ్వ నా వైపు తల ఊపుతూ. "నోరు తెరిస్తే గొడవ కోసమే తెరుస్తాడు. మూసుకుంటే మంచివాడే."

షెంకిన్ గొలుసు మీంచి వేలు తీశాడు. తర్వాత గోడ వైపు చూశాడు. అక్కడ ఆయన చనిపోయిన భార్యకి ఇచ్చిన చెంచా వేలాడుతోంది. పొగకి నల్లబడింది. దాని గొలుసు కూడా నాదానిలాంటిదే.

"మా మామ దాన్ని ఈ కాగులోనే వేశాడు," అన్నాడు. "మరిగే పులుసులో. జిగురైతే కరిగిపోతుంది, చెక్కైతే మిగులుతుంది అన్నాడు. నేను ఇదిగో ఇక్కడే, నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాను."

పొయ్యి మీద ఇనుప కాగు వేలాడుతోంది. గొర్రెమాంసం పొద్దుటినుంచి ఉడుకుతోంది. పైన కొవ్వు తేలి బుడగలు వస్తున్నాయి.

"ఇప్పుడు ఆ దుంపలు వేస్తారు. అవి ఉడికేదాకా నీ చెంచా కూడా అందులో ఉంటుంది. గొలుసు నిలిస్తే చెంచా అమ్మాయి చేతికిస్తాను. ఊడితే నువ్వు మళ్లీ ఈ కొండెక్కకూడదు." కొంచెం ఆగి, గొంతు తగ్గించాడు. "వద్దనుకుంటే ఇప్పుడే పట్టుకుపో. ఎందుకు పట్టుకెళ్లావని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను. కాద్వనూ చెప్పడు."

కాద్వన్ చెప్పకుండా ఉంటాడా? అయినా షెంకిన్ మర్యాదగా దారి చూపించాడు. నాకు తెలుసు. ఎండిన సికమోర్‌కి బీట ఉంటే వేడినీళ్లలో అది నోరు తెరుస్తుంది. నిజం చెప్పినవాడికీ అబద్ధం చెప్పినవాడికీ ఆ కాగులో తేడా ఉండదు.

మెరెరిద్ తల వంచుకునే ఉంది. చాకు ఆగిపోయింది.

"వెయ్యండి," అన్నాను.

షెంకిన్ తెడ్డు మీద చెంచా పెట్టి కాగులోకి జార్చాడు. మెరెరిద్ దుంపల పళ్లెం ఎత్తింది. కాద్వన్ అందులోకి చూశాడు.

"ఏంటీ, ఇంత చిన్న ముక్కలా? మా ఇంట్లో కోళ్లకి కూడా ఇంతకంటే పెద్దవి వేస్తారు."

ఆమె జవాబు చెప్పకూడదు. అవ్వే చెప్పింది. "నా పళ్ల కోసంరా. ఉన్నవే మూడు. కావాలంటే నీవి అప్పిస్తావా?"

ముక్కలు కాగులో పడ్డాయి. మెరెరిద్ వంగి, మేం కట్టెలకి బదులు కాల్చే నాచుమట్టి పెళ్లలు పొయ్యిలో ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఆ ఇంట్లో అన్ని పెళ్లలు ఒకేసారి ఎవరూ వెయ్యరు. షెంకిన్ చూశాడు. ఏమీ అనలేదు. మంట ఎర్రగా లేచింది. అప్పుడు నాకు అర్థమైంది. దుంపలు తొందరగా ఉడకాలని ఆమె చూస్తోంది. నోటితో చెప్పకూడనిది చేతులతో చేస్తోంది.

అది తెలిశాక నాకు భయం ఇంకా పెరిగింది.

చెక్క కదా, మునగదు. చెంచా పైకి తేలింది. గిన్నె వైపు బోర్లాపడి, గొలుసు అంచు దగ్గర సాగి, బుడగల మధ్య ఊగుతోంది. కాద్వన్ తెడ్డు అందుకున్నాడు.

"మునిగితే కదా పరీక్ష," అంటూ గొలుసుని లోపలికి నొక్కాడు. నొక్కడమే కాదు, కాగు అంచుకి అదిమి పట్టాడు. లంకెలు ఇనుముకి రాసుకున్న చప్పుడు వినబడింది.

"తెడ్డు తియ్," అన్నాను.

వాడు తియ్యలేదు. నేను తలుపు దగ్గర్నుంచి కదిలాను.

"తియ్ కాద్వన్."

"అబ్బో, మాటలొచ్చాయే!"

"కాద్వన్, వెళ్లి కూర్చో," అన్నాడు షెంకిన్. "పులుసుకి వేడి చాలు. నీ సాయం అక్కర్లేదు."

వాడు కూర్చున్నాడు. కూర్చున్నా నోరు ఊరుకోలేదు. గనుల్లో వెలుతురే ఉండదటగా అన్నాడు. అక్కడ గుర్రాలకి కళ్లు పోతాయటగా అన్నాడు. నీకు అలవాటేలే, చీకట్లో బతుకు అన్నాడు. నేను వినలేదు. కాగులో ఏ లంకె ఎక్కడుందో చూస్తున్నాను. ఆవిరికి ఏమీ తెలియడం లేదు.

అవ్వ ఇనుప పుల్లతో ఒక ముక్క గుచ్చింది. "ఇంకా రాయే."

కొంతసేపయ్యాక మళ్లీ గుచ్చింది. "పైన మెత్తబడింది, లోపల మొండికేసింది. అచ్చం నా కొడుకే."

షెంకిన్ చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ బయటికి చూస్తున్నాడు. కిటికీ అద్దం మీద వాన తప్ప ఏమీ లేదు. తన చెంచా కాగులో ఉన్నప్పుడు ఆయన ఎలా నిలబడ్డాడో, ఏం అనుకున్నాడో నాకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

మూడోసారి ముక్క పుల్ల మీదే రెండుగా విడిపోయింది.

"ఉడికింది," అంది అవ్వ.

"అన్నీ ఉడకాలి," అన్నాడు కాద్వన్. "పెద్దదొకటి అడుగునుంటుంది, అది చూడండి."

"పెద్దది లేదన్నావుగా ఇందాక. కోళ్లకి వేసేవాటికంటే చిన్నవన్నావు."

షెంకిన్ తెడ్డుతో చెంచాని తీసి బల్ల మీద పెట్టాడు. దాని నుంచి ఆవిరి లేస్తోంది. చెక్క పసుపు రంగుకి తిరిగింది. గొలుసు గొలుసుగానే ఉంది. ఒక్క లంకె కూడా ఊడలేదు.

షెంకిన్ చివరి లంకె పట్టుకుని మెల్లగా లాగాడు. నడిమి లంకె నోరు తెరిచింది. వెంట్రుకంత ఉన్న గీత ఇప్పుడు గోరు పట్టేంత అయింది.

"అదిగో!" కాద్వన్ లేచాడు. "అతుకు ఊడింది!"

"బీట," అన్నాను.

షెంకిన్ వాసన చూశాడు. గొర్రెమాంసం వాసన తప్ప ఇంకేం వస్తుంది? వేలితో ఆ సందుని తడిమాడు. కొవ్వు.

"జిగురంతా పులుసులో కలిసిపోయింది మావయ్యా. ఇంకేం దొరుకుతుంది?"

"అయితే ఇవాళ అందరం గిట్టల జిగురు తాగాలన్నమాట," అంది అవ్వ. ఈసారి ఆమె కూడా నవ్వలేదు.

షెంకిన్ చెంచాని బల్ల మీద నా వైపుకి తోశాడు. "తీసుకెళ్లు అబ్బాయ్."

కోపంగా అనలేదు. అలా అని ఉంటే బాగుండేది. నా చెయ్యి లేవలేదు. తీసుకుంటే ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే ఆయన మాట కాదన్నట్టు. అలాగే నిలబడ్డాను.

మెరెరిద్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల మీంచి చెంచా తీసుకుంది. అది ఇంకా కాలుతోంది, వేళ్లు మార్చి మార్చి పట్టుకుంది. "అమ్మాయ్," అన్నాడు షెంకిన్. ఆమె ఆగలేదు. నడిమి లంకెని రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని, రెండు పక్కలకీ తిప్పి, ఫట్‌మని విరిచేసింది.

గొలుసు రెండు ముక్కలైంది. ఒకటి చెంచాకి వేలాడుతోంది. ఒకటి ఆమె చేతిలో ఉంది.

విరిచేసింది. తండ్రి మాట వింది, కాద్వన్ మాట వింది, తనే తేల్చేసింది. ఇక సంతకి పోవడమే మిగిలిందనుకున్నాను.

కాద్వన్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "అయిపోయిందిగా మావయ్యా."

"అయిపోయింది," అన్నాడు షెంకిన్. "అమ్మాయే చెప్పేసింది."

"నేనింకా ఏం చెప్పలేదు నాన్నా," అంది మెరెరిద్. ఆ రోజు ఆమె గొంతు వినడం అదే మొదలు. "పాలగదిలో చెక్క గిన్నెలు, వెన్న తెడ్లు మరిగే నీళ్లతో కడిగేది ఎవరు? నేనా, కాద్వనా?"

"నువ్వే."

"ఏడాదికెన్ని బీటలిస్తాయి?"

"చాలానే ఇస్తాయి."

"అయితే ఇటు రా. ఇది చూడు." లంకె ముక్కలు రెండూ అరచేతిలో పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "అతకాలంటే ముందు కొయ్యాలి కదా. కోసినచోట నున్నగా ఉంటుంది. ఇక్కడ నున్నగా ఉందా? అంతా పీచు. ఈ ముక్కకి పన్ను ఉంటే ఆ ముక్కకి గుంట ఉంది. ఇది చాకు చేసింది కాదు, చెక్క తనంతట తను చీలింది. విరిస్తే తప్ప లోపల కనబడదు. అందుకే విరిచాను."

షెంకిన్ ముక్కల్ని ఒకదానికొకటి ఆనించాడు. సరిగ్గా కూర్చున్నాయి. విడదీశాడు. మళ్లీ ఆనించాడు. ఒక పీచు తీసి పళ్ల మధ్య పెట్టి కొరికాడు. నేను ఆయన దవడనే చూస్తున్నాను.

"అతుకు కాదు," అన్నాడు చివరికి. "కుర్రాడు నిజమే చెప్పాడు."

కాద్వన్ ఏదో అనబోయాడు. షెంకిన్ చెయ్యెత్తాడు. నా వైపు తిరిగాడు. ఆయన ముఖంలో సంతోషం లేదు.

"కానీ అమ్మాయి విరిచింది ఇద్వాల్. ఎందుకు విరిచిందో మన అయిదుగురికే తెలుసు. లోయకి తెలిసేది విరిచిందనే. అమ్మాయి విరిచిన చెంచాని ఏ ఇంట్లోనూ గోడకి కట్టలేదు. మా ఇంట్లో కొత్త పద్ధతి పెట్టానంటే రేపు చాపెల్‌లో పెద్దలకి ఏం చెప్పను?"

"నేను చూశానుగా," అన్నాడు కాద్వన్. "రెండు చేతుల్తో విరిచింది. ఎవరడిగినా చెబుతాను."

మెరెరిద్ ముఖం పాలిపోయింది. నన్ను నిర్దోషిగా నిలబెట్టడానికి తను చేసిన పనే నన్ను బయటికి తోస్తోంది. ఆమెకి అప్పుడే తెలిసినట్టుంది. మొదటిసారి నా వైపు తిన్నగా చూసింది.

"నువ్వేమంటావు ఇద్వాల్?"

అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పాల్సింది చాలా ఉంది.

"చెంచా నీది," అన్నాను. "విరిచినా నీదే. నేను వెనక్కి పట్టుకెళ్లను."

ఆమె చెంచాని తిప్పి పిడి పట్టుకుంది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లి, ఆ చెంచాని కాగులో ముంచి, నిండుగా పులుసు తీసి నోట్లో పెట్టుకుంది.

అలాంటి చెంచాలతో ఎవరూ తినరు. అవి గోడకి ఉండేవి. మా అమ్మ చెంచాని ఆమె బతికుండగా తడిగుడ్డతో తుడవడం కూడా నేను చూడలేదు. పంజరం, చక్రం, తాళంకన్నం ఉన్న చెంచాతో గొర్రెమాంసం పులుసు తాగుతున్న మనిషిని ఆ రోజే చూశాను. పులుసు కాలిపోతోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉమ్మలేదు. మింగింది. పంజరంలో గోలీలు టకటకమన్నాయి.

"దాంతో తింటారా ఎవరైనా!" అన్నాడు కాద్వన్.

"చెంచాతో కాక దేనితో తింటారు?" అంది మెరెరిద్. నాలుక కాలి మాట సరిగ్గా రావడం లేదు. మళ్లీ ముంచింది. "ఇష్టం లేనివాడి చెంచాతో తింటారా? చెప్పు. ఇది కూడా చూస్తున్నావుగా, ఇది కూడా చెప్పు."

అవ్వ గొంగడిలోంచి మెడ చాచి నోరు తెరిచింది. మెరెరిద్ ఊది ఆమె నోట్లో ఒక చెంచా పోసింది. అవ్వ చప్పరించింది.

"ఉప్పు తక్కువ," అంది. "జిగురు మాత్రం లేదు."

షెంకిన్ కూతుర్ని చూశాడు. కాగుని చూశాడు. చేతిలో ఉన్న లంకె ముక్కల్ని చూశాడు. వాటిని బల్ల మీద పెట్టలేదు, పొయ్యిలో వెయ్యలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"కాద్వన్," అన్నాడు, "ఊళ్లో చెప్పేటప్పుడు సగం చెప్పకు. విరిచిందని చెప్పు. ఎందుకు విరిచిందో చెప్పు. దాంతోనే తిందని చెప్పు. మూడూ చెప్పు. ఒకటి తగ్గిందని నాకు తెలిస్తే నా గింజలు వేరే మరకి పోతాయి."

కాద్వన్ బస్తా మోసిన భుజం దులుపుకున్నాడు. అక్కడ దుమ్మేమీ లేదు. తలుపు తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు. గాడిద గిట్టల చప్పుడు వాకిలి దాటింది.

"నువ్వేంటి అలా నిలబడ్డావు?" అన్నాడు షెంకిన్ నాతో. "గిన్నెలు ఆ పై అరలో ఉన్నాయి. పొడుగ్గా ఉన్నావు, అందుకో."

నేను చెయ్యి చాచాను. గిన్నెలు అందాయి. అన్నీ ఒకేసారి దించబోయాను. గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుని గలగలమన్నాయి.

"ఒరేయ్, నెమ్మది!" అంది అవ్వ. "అవీ విరిగితే అందరం ఆ ఒక్క చెంచాకే వంతులేసుకోవాలి."